ఎనిమిదో తరగతి ఆన్‌లైన్ గణితం: ఒకే తెర మీద ఆరు రకాల ఇళ్లు ఉన్నప్పుడు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఎనిమిదో తరగతి పిల్లలు ముప్పై మందికి రోజూ సాయంత్రం 7:30కి ఆన్‌లైన్‌లో గణితం చెబుతున్నారు. గోదావరి జిల్లాల వాళ్లు, కరీంనగర్ వైపు వాళ్లు, ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచి గోండు, లంబాడా పిల్లలు, హైదరాబాద్ పాతబస్తీలో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు, దుబాయ్ నుంచి ఇద్దరు, అమెరికా నుంచి ఒకరు. నోరు విప్పేది ఆరేడుగురే. అందరి పండగలకూ శుభాకాంక్షల స్లైడు పెట్టారు, బతుకమ్మ పాట వినిపించారు, అయినా మిగతావాళ్లు కదల్లేదు. ఇంకేం చేయాలి అని అడిగారు.

స్లైడు పెట్టడంలో తప్పేమీ లేదు. దానివల్ల లెక్క మాత్రం అర్థం కాదు. పిల్లల ఇల్లు పాఠంలోకి రావాల్సింది లెక్క నడిచే చోట: ఏ కొలతతో మొదలుపెట్టారు, ఏ మాటలో అడిగారు, జవాబు ఏ దారిలో చెప్పనిచ్చారు, ఎంతసేపు ఆగారు. అమెరికాలో నల్లజాతి పిల్లల చదువు గురించి పరిశోధించిన గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ 1995లో, పిల్లల సంస్కృతిని పాఠంలోకి తెచ్చే బోధనకు మూడు షరతులు పెట్టారు. పిల్లలకు చదువు గట్టిగా రావాలి, తమ సంస్కృతిని వదులుకోకుండా రావాలి, చుట్టూ ఉన్న అన్యాయాన్ని ప్రశ్నించే శక్తి రావాలి. చదువు రావడం మొదటి షరతు అన్నది చాలామంది మర్చిపోతారు. పండగలు బాగా జరిగి, వర్గమూలాలు రాకపోతే పిల్లలకు మనం చేసిన మేలు ఏమీ లేదు.

ఇంకో మాట. మీ క్లాసులో మౌనం ఒకటే కనిపిస్తోంది గానీ కారణాలు వేరు వేరు. ఒకరికి ప్రశ్నలో మాట తెలియదు. ఒకరికి జవాబు తెలుసు, యాస చూసి నవ్వుతారని భయం. ఒకరి ఫోన్ అన్నయ్య చేతిలో ఉంది. ఒకరి వెనకాల ఒకటే గది, అందులో అమ్మ వంట చేస్తోంది. ఎవరిది ఏ మౌనమో తెలియకుండా ఏ చిట్కా వేసినా సగం మందికి తగలదు. అందుకే మొదటి పని తెలుసుకోవడం.

ఫోన్ చేసి అడగాల్సినవి, అడగకూడనివి

గూగుల్ ఫారం పంపితే చదవగలిగిన తల్లిదండ్రులే నింపుతారు. మీకు సమాచారం కావాల్సింది మిగతావాళ్ల గురించి. కాబట్టి ఇంటికో పది నిమిషాల ఫోన్ పెట్టుకోండి. రోజుకు ముగ్గురు చొప్పున రెండు వారాల్లో అయిపోతుంది. కూలికి వెళ్లే ఇళ్లకు రాత్రి 8 తర్వాతే చేయండి. ఉర్దూ, గోండి, లంబాడీ మాట్లాడే పెద్దలకు తెలుగు అంతగా రాకపోతే అక్కో అన్నో మధ్యలో ఉండి చెప్పవచ్చు. చదువుతున్న పిల్లనే దుబాసీగా పెట్టవద్దు. తన మీద వచ్చే మాటను తనే అనువదించాల్సి వస్తే మొదటి రోజే ముడుచుకుపోతుంది.

అడగాల్సినవి ఏడు. ఏ పేరుతో పిలవాలి. ఇంట్లో ఏ భాష, డబ్బు లెక్కపెట్టేటప్పుడు ఏ భాష. ఫోన్ ఎవరిది, ఎన్నింటికి చేతికొస్తుంది, ఇంకెవరు వాడతారు. రోజుకు డేటా ఎంత. కెమెరాకు గానీ, గొంతు రికార్డు చేయడానికి గానీ అభ్యంతరం ఉందా. ఏ రోజుల్లో క్లాసుకు రావడం కుదరదు. బడి బయట పిల్లకు బాగా వచ్చిన పని ఏది.

రెండో ప్రశ్నలో రెండు ముక్కలు ఉన్నది ఊరికే కాదు. తెలుగులో చక్కగా మాట్లాడే పిల్ల కూడా లెక్క మాత్రం ఉర్దూలోనో లంబాడీలోనో చేసుకుంటుంది. దుబాయ్ పిల్లలు ఇంగ్లీషులో చేసుకుంటారు. నోటిలెక్క అడిగి మూడు సెకన్లలో జవాబు రాలేదంటే రాదని కాదు, మార్చుకుంటున్నారని అర్థం.

చివరి ప్రశ్నకు వచ్చే జవాబులే మీ పాఠాలకు ముడిసరుకు. కొట్లో చిల్లర ఇస్తుంది, మిషను కుడుతుంది, మేకల్ని తోలుతుంది, క్రికెట్ స్కోరు రాస్తాడు: ఇవన్నీ రాసిపెట్టుకోండి.

కులం, నాన్న చేసే పని, ఆదాయం, ఎంత భూమి ఉంది, ఏం తింటారు: ఇవి అడగవద్దు, ఏ అభ్యాసంలోనూ రాయించవద్దు. మన దగ్గర నాన్న వృత్తి చెప్పించడమంటే చాలాసార్లు కులం చెప్పించడమే. వంశవృక్షం గీయించడం కూడా అలాంటిదే, పైగా తల్లో తండ్రో లేని పిల్లలకు అది శిక్ష.

పేరు, పిలుపు, ఫోన్ నంబరు

తెర మీద కనిపించే పేరు సాధారణంగా తండ్రి ఖాతా నుంచి వస్తుంది, ఇంటిపేరుతో సహా. ఆత్రం, మెస్రం, రాథోడ్ అని చూడగానే ఎవరు ఎక్కడివాళ్లో తెలిసిపోతుంది. కోస్తా ఇంటిపేర్లతోనూ అంతే. మొదటి రోజే అందరి చేతా 'పిల్ల చెప్పిన పేరు, పక్కన రోల్ నంబరు' అనే ఒకే పద్ధతిలో మార్పించండి. మార్చడం రానివాళ్ల పేరు హోస్టుగా మీరే మార్చవచ్చు. పేరు ఎలా పలకాలో ప్రతి ఒక్కరినీ మూడు సెకన్ల వాయిస్ మెసేజ్ పంపమనండి. 'జోయా'లో మొదటి అక్షరానికి తెలుగు లిపిలో సరైన గుర్తు లేదు, రాసి ఉన్నది చూసి పలికితే తప్పే వస్తుంది.

కోస్తాలో 'ఏరా, చెప్పరా' అనడం చనువు. అదే మాట ఇంకో చోట చులకనగా వినిపిస్తుంది. పైగా ఆ చనువు మీకు బాగా తెలిసిన నలుగురితోనే వాడతారు, మిగతావాళ్లు దూరాన్ని పసిగడతారు. అందరికీ పేరు పెట్టి 'నువ్వు' అనండి, లేదా అందరికీ 'మీరు' అనండి. ఏదైనా ఒకటే. 'మీ వాళ్లలో ఎలా చేస్తారు?' అనే మాట అసలు నోట రానివ్వకండి.

వాట్సాప్ గ్రూపు సంగతి చాలామంది పట్టించుకోరు. మామూలు గ్రూపులో ప్రతి సభ్యుడి నంబరూ అందరికీ కనిపిస్తుంది. ఆడపిల్లల ఇళ్లలో ఆ నంబరు చాలాసార్లు అమ్మది. రెండు మూడు రోజుల్లో తెలియని మెసేజ్‌లు మొదలైతే ఫోన్ తీసేసుకుంటారు, పిల్ల క్లాసు మానేస్తుంది, మీకు కారణం కూడా తెలియదు. బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడండి (256 మంది దాకా పడతారు, అయితే వాళ్లు మీ నంబరు సేవ్ చేసుకుని ఉండాలి), లేదా కమ్యూనిటీలోని ప్రకటనల గ్రూపు వాడండి. అందులో సభ్యుల నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు.

సమయం, డేటా, కెమెరా

7:30 దుబాయ్‌లో సాయంత్రం 6 గంటలు, ఇబ్బంది లేదు. అమెరికా తూర్పు తీరంలో అది వేసవిలో ఉదయం 10, చలికాలంలో 9, అంటే బడి సమయం. ఆ పిల్లకు రోజూ రికార్డింగ్, శనివారం ఒక్కటే నేరుగా క్లాసు అని ముందే చెప్పేయండి. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. ఆ రెండు వారాల్లో 'రాలేదేం' అని అడిగే ముందు ఇది గుర్తు చేసుకోండి.

రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి పోయిన ఏటి టైంటేబుల్ ఈ ఏడు సరిపోదు. ఆ నెలలో 7:30 అంటే ఇఫ్తార్ అయ్యి రాత్రి నమాజుకు సిద్ధమయ్యే వేళ. ఆదిలాబాద్ పిల్లలకు పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర ఉంటుంది. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలో వస్తుంది, కొన్ని ఊళ్లకు ఊళ్లే ఖాళీ అవుతాయి. లంబాడా తండాల్లో శ్రావణంలో తీజ్ తొమ్మిది రోజులు. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి మూడు రోజులూ క్లాసు పెట్టినా లాభం లేదు. వీటన్నిటికీ సెలవు ఇవ్వనక్కర్లేదు. ఆ రోజుల్లో కొత్త పాఠం, పరీక్ష మాత్రం పెట్టవద్దు. పునశ్చరణ పెట్టుకోండి, రానివాళ్లు నష్టపోరు.

డేటాకు లెక్క వేసుకోండి. వీడియోతో ముప్పై మంది ఉన్న 45 నిమిషాల క్లాసు రోజుకు 1.5 జీబీ ప్యాకులో పెద్ద ముక్కే తినేస్తుంది. అదే ఫోన్ మీద తమ్ముడికీ క్లాసు ఉంటే చాలదు. గొంతు ఒక్కటే 64 కేబీపీఎస్‌లో 45 నిమిషాలకు సుమారు 22 ఎంబీ. పాఠం సారాన్ని 32 కేబీపీఎస్‌లో 10 నిమిషాల ఆడియోగా చేస్తే 2.4 ఎంబీ. బోర్డు ఫొటోలు ఆరు, ఒక్కోటి 150 కేబీకి కుదించి పంపితే ఒక ఎంబీ లోపే. మొత్తం పాఠం నాలుగు ఎంబీ లోపు చేతిలో పడుతుంది. క్లాసుకు వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ అందరికీ పంపండి. రానివాళ్లకే పంపితే అది బీదవాళ్ల ప్యాకెట్ అయిపోతుంది.

కెమెరా పెట్టమని బలవంతం వద్దు. 'కెమెరా ఆన్ చేస్తేనే హాజరు' అన్న నియమం ఒంటిగది ఇంటికీ, ఇంట్లో ఆడవాళ్లు పరాయివాళ్ల కంట పడకూడదనుకునే ఇంటికీ తలుపు మూసేస్తుంది. పిల్ల ఉందో లేదో తెలియాలంటే పది నిమిషాలకోసారి ఒక అంకె చాట్‌లో వేయించండి. ముఖం చూడటం కన్నా అదే నమ్మకమైన గుర్తు.

అసలు పని: పాఠాన్ని తిరగరాయడం

వైశాల్యం పాఠం తీసుకుందాం. పాఠ్యపుస్తకం చదరపు మీటర్లతో మొదలవుతుంది. మీ ముప్పై మందిలో ఏ ఇంట్లోనూ స్థలాన్ని చదరపు మీటర్లలో మాట్లాడుకోరు. గోదావరి వైపు సెంటు, తెలంగాణలో గుంట, హైదరాబాద్‌లో గజం, దుబాయ్‌లో చదరపు అడుగు. అమెరికాలో కూడా ఇంటి స్థలాన్ని ఎకరంలో భాగంగానే చెబుతారు. అంటే ఎకరం మీ క్లాసులో దాదాపు అందరికీ ఉమ్మడి చుట్టం.

రెండు రోజుల ముందు ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పంపండి: 'మీ ఇంట్లో పెద్దవాళ్లు స్థలాన్ని ఏ పేరుతో కొలుస్తారో అడిగి రండి. ఎంత ఉందో చెప్పవద్దు, కొలత పేరు చాలు.' ఆ రెండో వాక్యం తప్పక ఉండాలి. భూమి లేని ఇళ్లు, కౌలు ఇళ్లు, పట్టా రాని పోడు భూములు మీ క్లాసులో ఉన్నాయి. వచ్చిన జవాబులు మీకు విడిగా రావాలి, క్లాసులో పిల్లల పేర్లు లేకుండా చూపించాలి.

క్లాసు నడిచే తీరు ఇలా ఉండొచ్చు. మొదటి ఐదు నిమిషాలు వచ్చిన కొలతల పేర్లన్నీ తెర మీద పెట్టండి. తర్వాతి పది నిమిషాలు ఎకరం 4,840 చదరపు గజాలు అని ఒక్కటే ఇచ్చి, మిగతావి పిల్లల చేతే తీయించండి. ఎకరానికి 100 సెంట్లు కాబట్టి సెంటు 48.4 చదరపు గజాలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి గుంట 121 చదరపు గజాలు. గుంటకు ఎన్ని సెంట్లు? రెండున్నర. 121 అనగానే ఆగండి: అది 11 వర్గం. గుంట అంటే పక్కకు 11 గజాలు, అంటే 33 అడుగులు ఉన్న చతురస్రం. వర్గమూలం పాఠం అక్కడే దొరికింది. అమెరికా పిల్లకు పావు ఎకరం ఇవ్వండి: 10 గుంటలు, 25 సెంట్లు, 1,210 చదరపు గజాలు, 10,890 చదరపు అడుగులు. చదరపు మీటరు ఇప్పుడు రావాలి. గుంట 101 చదరపు మీటర్ల కన్నా కాస్త ఎక్కువ, అంటే పక్కకు సుమారు పది మీటర్లు. పుస్తకం కొలత పిల్లల కంటికి అప్పుడు ఆనుతుంది.

ఆ తర్వాతి భాగం ఈ పాఠానికి ప్రాణం. తెర మీద '1.20 ఎకరాలు, 1.25 ఎకరాలు, మొత్తం ఎంత?' అని రాయండి. గోదావరి పిల్లలు 2.45 అంటారు. తెలంగాణ పల్లెల పిల్లలు కొందరు 3 ఎకరాల 5 గుంటలు అంటారు. ఇద్దరూ ఒప్పే. ఆంధ్రలో చుక్క తర్వాత రాసేవి సెంట్లు, కాబట్టి అది నిజమైన దశాంశం. తెలంగాణ పాసుపుస్తకాల్లో చుక్క తర్వాతవి గుంటలు, కాబట్టి 1.20 అంటే ఎకరం 20 గుంటలు, అంటే ఎకరన్నర. 20, 25 కలిపితే 45 గుంటలు, అందులో 40 తీసేస్తే ఎకరం ఐదు గుంటలు. దశాంశంలో ఇది 3.125. దశాంశ స్థానం అంటే ఏమిటో, ఆధారం మారితే ఏమవుతుందో దీనికన్నా బాగా చెప్పే ఉదాహరణ పుస్తకంలో లేదు. ఇక్కడ తెలంగాణ పిల్ల జవాబును 'తప్పు' అని ఒక్కసారి అన్నారా, ఆ పిల్ల ఏడాదంతా మళ్లీ మాట్లాడదు. ఇంట్లో నాన్న చేసే లెక్కే తప్పని మీరు చెప్పినట్టు లెక్క.

మిగిలిన పది నిమిషాలు ఒక్క లెక్క, ఏ కొలతలోనైనా చేయవచ్చు, చదరపు మీటర్లలోకి మార్చి పంపాలి.

ఇదే పద్ధతిలో మిగతా అధ్యాయాలు తిప్పవచ్చు. ఘాతాంకాలకు పాత కొలపాత్రలు ఉన్నాయి: కోస్తాలో చాలాచోట్ల నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచానికి 64 గిద్దలు, అంటే 2 ఘాతం 6. భిన్నాలకు పాతబస్తీ పిల్లలే గురువులు: సవా అంటే ఒకటింపావు, డేఢ్ ఒకటిన్నర, ఢాయీ రెండున్నర. రోజూ బజారులో వాడే మాటలివి. పెద్ద సంఖ్యలకు లక్ష, మిలియన్ గొడవ ఎలాగూ ఉంది. 12,34,567 అని కామాలు పెట్టేవాళ్లూ 1,234,567 అని పెట్టేవాళ్లూ ఒకే క్లాసులో ఉన్నారు. మొదటి వారంలోనే రెండూ పక్కపక్కన చూపించేయండి.

వడ్డీ దగ్గర జాగ్రత్త. పల్లెలో 'నూటికి రెండు' అంటే నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. పట్నం పిల్లలు, విదేశాల పిల్లలు దాన్ని ఏడాదికి రెండు శాతం అనుకుంటారు. ఈ తేడాను లెక్కగా వేయించండి: 10,000 అప్పుకు ఏడాదికి 2,400 ఎక్కడ, 200 ఎక్కడ. లాడ్సన్-బిల్లింగ్స్ మూడో షరతుకు ఇదొక్కటి చాలు, విడిగా ఉపన్యాసం అక్కర్లేదు. కొన్ని ముస్లిం ఇళ్లలో వడ్డీ తీసుకోవడం నిషిద్ధం. పాఠ్యాంశం కాబట్టి వదలకూడదు, కానీ సాధన లెక్కల్లో సగం చక్రవడ్డీ సూత్రాన్నే వాడే జనాభా పెరుగుదల, బండి ధర తరుగుదల మీద ఇవ్వండి. సూత్రం ఒకటే, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఏ లెక్కనైనా పంపే ముందు ఒక పరీక్ష పెట్టండి. అంకెలు తీసేసి చదివితే కథ ఆరు రకాల ఇళ్ల పిల్లలకూ అర్థమవుతుందా? లిఫ్టు, ఎస్కలేటరు, పిజ్జా ముక్కలు, రైల్వే ప్లాట్‌ఫారం ఏజెన్సీ పిల్లకు అడ్డు. పంట కుప్ప, గరిసె, మోట దుబాయ్ పిల్లకు అడ్డు. అడ్డు ఉన్న లెక్కను తీసేయనక్కర్లేదు, పక్కన బొమ్మ పెట్టండి.

మాటలు

ప్రతి అధ్యాయానికి పన్నెండు మాటల కన్నా ఎక్కువ ఉండవు. వాటితో ఒక పట్టిక చేయండి: తెలుగు మాధ్యమం మాట, ఇంగ్లీషు మాట, ఇంటి మాట, బొమ్మ. ఇంటి మాట గడి ఖాళీగా పంపి పిల్లల్నే నింపమనండి. లవం, హారం అంటే ఇంగ్లీషు మీడియం వాళ్లకు తెలియదు. న్యూమరేటర్ అంటే తెలుగు మీడియం వాళ్లకు తెలియదు. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లకు భిన్నం కసర్, గుణకారం జర్బ్, భాగహారం తక్సీమ్, వైశాల్యం రఖ్బా. ఇప్పుడు రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్నవి దొరుకుతున్నాయి, మొదటి రెండు గడులకు అవే ఆధారం.

గోండి, కోయ, లంబాడీలను ఒకే గాటన కట్టకండి. గోండి, కోయ ద్రావిడ భాషలు, తెలుగుకు బంధువులు. లంబాడీ ఇండో-ఆర్య భాష, అందులో లెక్కలు హిందీకి దగ్గరగా వినిపిస్తాయి. గోండికి ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన సొంత లిపి ఉంది, 2018లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. అయినా మీ పిల్లలు రాసేది ఎక్కువగా తెలుగు లిపిలోనే ఉంటుంది, అది చాలు. ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, సవర వంటి ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులకు వాచకాలు తయారయ్యాయి. ఎనిమిదో తరగతి లెక్కలకు అవి సరిపోవు గానీ, అంకెల పేర్లకు, బొమ్మలకు పనికొస్తాయి.

యాస సంగతి. 'గట్ల జేస్తే తొమ్మిదొస్తది సార్' అన్న పిల్లకు 'అలా చేస్తే తొమ్మిది వస్తుంది అనాలి' అని సరిదిద్దితే, తొమ్మిది ఒప్పయిందన్న సంగతే ఆ పిల్లకు వినిపించదు. లెక్క చెప్పేటప్పుడు లెక్కకే జవాబివ్వండి. ఇతర పిల్లలు చాట్‌లో నవ్వు బొమ్మలు పెడితే ఆ క్షణమే చాట్‌ను హోస్టుకు మాత్రమే వెళ్లేలా మార్చండి. ఎవరి పేరూ ఎత్తి తిట్టవద్దు.

ఆగడం, జవాబుకు దారులు

ప్రశ్న అడిగాక టీచర్లు మామూలుగా ఒక్క సెకను ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెరుగుతాయని, పెద్దవవుతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే గమనించారు. అది ఎదురెదురుగా కూర్చున్న క్లాసు. ఆన్‌లైన్‌లో గొంతు చేరడానికి ఒక సెకను, మ్యూట్ తీయడానికి రెండు, మనసులో భాష మార్చుకోవడానికి ఇంకో నాలుగు. కాబట్టి పది దాకా లెక్కపెట్టండి. ఆ పది సెకన్లూ మీరు మాట్లాడకూడదు. ఆ ఖాళీ భరించలేక ప్రశ్నను వేరే మాటల్లో మళ్లీ అడగడం అందరూ చేసే పొరపాటు. అనువదించుకుంటున్న పిల్ల అప్పుడు మొదటికి వస్తుంది.

వేగంగా టైపు చేసే నలుగురు ముందే జవాబు పెట్టేస్తే మిగతావాళ్లు ఆపేస్తారు. అందుకని 'టైపు చేయండి, పంపకండి, నేను చెప్పినప్పుడు అందరూ ఒకేసారి నొక్కండి' అనండి. అంకె జవాబులకు ఇది చాలు. పద్ధతి చెప్పాల్సిన ప్రశ్నకు మూడు దారులివ్వండి: నోటితో, నోటుబుక్ ఫొటోతో, వాయిస్ మెసేజ్‌తో. తెలుగు టైపింగు రానివాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే అలాగే తీసుకోండి.

పిల్లల్ని చిన్న గుంపులుగా విడి గదుల్లో (బ్రేకౌట్ రూముల్లో) వేసేటప్పుడు ముగ్గురు నలుగురికి మించవద్దు, పది నిమిషాలకు తగ్గవద్దు. ఒకే ఇంటి భాష వాళ్లు కనీసం ఇద్దరు ఉండాలి, ఒంటరిగా ఒక్క గోండు పిల్లను ముగ్గురు పట్నం పిల్లల మధ్య వేస్తే చూస్తూ కూర్చుంటుంది. ఇద్దరు తమ భాషలో మాట్లాడుకుని తర్వాత మిగతావాళ్లకు తెలుగులో చెప్పడం మంచి పద్ధతి, ఆపవద్దు. రాసేవారు, చెప్పేవారు, సరిచూసేవారు అని పనులు పంచి వారం వారం మార్చండి. మీరు లేని గదిలోనే వెక్కిరింతలు జరుగుతాయి. ప్రతి గదికీ కనీసం ఒకసారి చెప్పకుండా వెళ్లండి.

ఒక హెచ్చరిక. 'నాగోబా జాతర గురించి నువ్వు అందరికీ చెప్పు' అని క్లాసులో ఉన్న ఒక్క పిల్లను నిలబెట్టడం గౌరవంలా కనిపిస్తుంది, నిజానికి ప్రదర్శనకు పెట్టడమే. ప్రశ్న ఎప్పుడూ అందరికీ ఒకటే వేయండి: 'మీ ఊళ్లో జనం బాగా పోగయ్యే రోజు ఏది? ఎంతమంది వస్తారని అంచనా, ఎలా లెక్క వేశారు?' చెప్పాలనిపించినవాళ్లే చెబుతారు.

మార్కులు, ఆపైన సరిచూసుకోవడం

ఐదు మార్కుల లెక్కకు పద్ధతికి రెండు, గణనకు రెండు, కొలతకు ఒకటి. భాషా దోషాలకు కోత లేదు. వాయిస్ జవాబు మీకు రాని భాషలో వస్తే పక్కన నోటుబుక్ ఫొటో తప్పనిసరి చేయండి, అంకెలు ఏ భాషలోనైనా అవే. అలాగని పరీక్ష భాషను దాటేయకూడదు. పదో తరగతి ప్రశ్నపత్రం ఎవరి యాసలోనూ రాదు. ఆ మాటలు నేర్పకుండా వదిలేయడం అన్యాయమే. ఆరో వారం నుంచి ప్రతి శుక్రవారం పది నిమిషాలు, అప్పటికే చేసిన లెక్కను పరీక్షలో అడిగే వాక్యంలో చూపించి, ఏ మాట దేన్ని అడుగుతోందో విప్పండి.

ఫలితం ఎలా ఉందో అంచనాతో చెప్పుకోవద్దు. ఒక నోటుబుక్‌లో ముప్పై పేర్లు, రోజుకు మూడు గీతలు: వచ్చారా, ఏదో ఒక దారిలో జవాబిచ్చారా, చివరి లెక్క చేశారా. రెండు వారాలకోసారి ఆ గీతల్ని మూడు విధాలుగా విడదీసి చూడండి: ఇంటి భాషను బట్టి, ఫోన్ ఎవరిదన్నదాన్ని బట్టి, ఆడపిల్లలు మగపిల్లలు అని. రావడంలోనే తేడా ఉండి అది ఫోన్‌ను బట్టి ఉంటే పాఠం మార్చి లాభం లేదు, సమయం మార్చాలి. వస్తున్నారు, చివరి లెక్క చేయడం లేదు, తేడా భాషను బట్టి ఉంటే మాటల పట్టిక సరిపోలేదు. ఆడపిల్లల వాయిస్ మెసేజ్‌లు బాగుండి క్లాసులో మౌనం కొనసాగితే వాళ్లకు లెక్క వచ్చు, వింటున్నవాళ్లతోనే ఇబ్బంది. చాట్‌ను మూసి, గుంపులు మార్చి, ఇంకో రెండు వారాలు చూడండి.